మధ్యాహ్నం సున్నా

ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆ ఊళ్లో దాదాపు లేరు. విద్యుత్ శాఖలో అందరికీ ఆపరేటరమ్మ. మందుల షాపులోనూ అదే, కూతురి స్కూల్లో టీచర్ల నోటా అదే. ఊరి చివరి సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరుగా చేరిన రోజుల్లో ఆ పనిలో మరో ఆడమనిషి లేదు. గుర్తు కోసం ఎవరో అన్న మాట అలాగే అతుక్కుపోయింది.

సబ్‌స్టేషన్ అంటే ఒక పొడవాటి గది, వెనక కంచె లోపల ట్రాన్స్‌ఫార్మర్లు. గదిలో గోడ పొడవునా బూడిదరంగు ఇనప బీరువాల్లాంటి ప్యానెళ్లు. ఒక్కో ప్యానెల్ ఊళ్లో ఒక్కో వైపు వెళ్లే లైనుది. ఆ లైన్లను ఫీడర్లంటారు. ప్రతి ప్యానెల్ మీద ఒక ముల్లు, ఒక ఎర్ర దీపం, ఒక పచ్చ దీపం ఉంటాయి. లైను నడుస్తుంటే ఎర్రది వెలుగుతుంది, ఆగితే పచ్చది. ఆ వైపు జనం ఎంత కరెంటు లాగుతున్నారో ముల్లు చెబుతుంది. గంటకోసారి ఆ అంకెను షీటులో వేయడం ఆపరేటరు పని. గడి ఖాళీగా వదలకూడదు. లైను ఆగి ఉంటే సున్నా వేయాలి. మిగతా పనంతా ఫోనుతో.

ఆ ఫోను సంగతి కొంచెం చెప్పాలి. లైను మీద మరమ్మతు చేయాలంటే లైన్ ఇన్‌స్పెక్టర్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ‘ఎల్‌సీ’, అంటే లైన్ క్లియర్, అడుగుతాడు. ఆపరేటరు ఆ ఫీడర్ ఆపి, స్విచ్‌కు ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న బోర్డు తగిలించి, ఒక నంబరు చెబుతుంది. అవతలి మనిషి దాన్ని తిరిగి అప్పజెప్పాలి. పని అయ్యాక అడిగినవాడే మళ్లీ ఫోన్ చేసి అదే నంబరు చెబితే తప్ప, ఊరంతా వచ్చి గుమ్మంలో కూర్చున్నా ఆ లైను వేయకూడదు. మాట తేడా వస్తే స్తంభం మీదున్నవాడి ప్రాణం పోతుంది.

ఆపరేటరమ్మ నంబరు చెబితే అంకె అంకెకూ మధ్య గాలి ఆడేది. ఒక లైన్ ఇన్‌స్పెక్టర్ చాలాకాలం ఆ గొంతు దగ్గర ఎల్‌సీలు తీసుకుని, మనిషిని చూడకుండానే ఇంట్లో పెళ్లిమాట ఎత్తాడు. ‘ఆ గొంతున్నంత కాలం నేను చావను’ అన్నది అతని వాదన. పెళ్లయ్యాక కూడా ఫోన్‌లో ఇద్దరూ పరాయివాళ్లలాగే మాట్లాడుకునేవారు. ఇంట్లో ‘ఇదిగో’, ఫోన్‌లో ‘ఆపరేటర్ గారూ’. అతని అక్క పిండిమిల్లు నడుపుతుంది. ఊళ్లో అందరూ ఆమెను మిల్లు వదిన అంటారు. ఆపరేటరమ్మకు వరసకు కూడా వదినే కాబట్టి ఇబ్బంది లేదు.

పాత సబ్‌స్టేషన్లన్నింటినీ దూరం నుంచే కంప్యూటరుతో నడపాలని శాఖ నిర్ణయించాక ఆపరేటర్లకు కాళ్ల కింద నేల కదిలింది. ఉద్యోగం పోదు గానీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్లాలి. ఖాళీలన్నీ దూరాల్లోనే ఉన్నాయి. కూతురు స్కూలు చివరి తరగతులకు వచ్చింది. భర్త పని ఈ ఊరి స్తంభాల మీదే. సరిగ్గా అప్పుడే ఊళ్లోని శాఖ ప్రధాన కార్యాలయంలో కొత్తగా ప్లానింగ్ విభాగం పెడుతున్నారనీ, దానికి ముందు ‘ఇంధన విధానం, స్వచ్ఛ ఇంధనం’ మీద కొన్ని నెలల శిక్షణ ఉంటుందనీ సర్క్యులర్ వచ్చింది. శిక్షణ చివర్లో ఇద్దరేసి కలిసి ఒక ప్రాజెక్టు పెద్దల ముందు చెప్పాలి. క్షేత్ర సిబ్బందిలోంచి ఒక్కరినే తీసుకుంటారు. ఆ ఒక్క కుర్చీ దొరికితే ఊరు విడవక్కర్లేదు, రాత్రి షిఫ్టులూ ఉండవు. ఆపరేటరమ్మ దరఖాస్తు పెట్టింది.

క్లాసులు పాత స్టోర్సు భవనంలో జరిగేవి. గోడల మీద ఇంకా కేబుల్ చుట్టలు ఆనిన నల్లటి వలయాలు ఉండేవి. కొత్తగా తెచ్చిన కుర్చీలకు రాసుకునే పలక కుడిచేతి వైపే ఉండటంతో ఎడమచేతివాటం వాళ్లు మెడ తిప్పుకుని కూర్చునేవారు. పాఠం చెప్పే మేడమ్‌కు మొదటి వారంలోనే కర్వు మేడమ్ అని పేరు పడింది. ఏ ప్రశ్న అడిగినా బోర్డు మీద ఒక వంకరగీత గీసి మొదలుపెట్టేవారు. బొగ్గు కేంద్రాన్ని వెలిగించడానికీ ఆర్పడానికీ ఎంత తతంగమో, ఎండ కరెంటు మధ్యాహ్నం ఎలా పొంగుతుందో, సాయంత్రం సూర్యుడు దిగేసరికి ఊరంతా ఒక్కసారి స్విచ్‌లు ఎలా వేస్తుందో ఆ గీతల్లోనే చూపించారు.

“ఎండ కరెంటును సాయంత్రానికి దాచాలంటే బ్యాటరీలు కావాలి. బ్యాటరీలు లేకపోతే?” అని అడిగారు ఒకరోజు.

“సాయంత్రం పనులు మధ్యాహ్నం చేయించాలి మేడమ్,” అంది ఆపరేటరమ్మ.

“ఎలా చేయిస్తారు?”

“మధ్యాహ్నం రేటు తగ్గించి, సాయంత్రం పెంచితే వాళ్లే చేస్తారు.”

వెనక నుంచి ఎవరో, “మా ఇంట్లో మధ్యాహ్నం నిద్ర ఫ్రీ. దాన్ని కొట్టాలంటే చాలా తగ్గించాలి,” అన్నారు. మేడమ్ కూడా నవ్వారు.

ఆ మాటే ఆపరేటరమ్మ ప్రాజెక్టు అయింది. ఆమెకు జోడీగా పడ్డది, తనలాగే క్షేత్ర సిబ్బందిలోంచి వచ్చిన మీసాల ఇంజనీరు. మీసం తప్ప మనిషిలో కరుకుగా ఉన్నది ఏదీ లేదు. మధ్యాహ్నం సంగతి ఆమె చూడాలి, సాయంత్రం బ్యాటరీల సంగతి అతను చూడాలి. శాఖ కంప్యూటరు నుంచి ఊళ్లోని సబ్‌స్టేషన్లన్నింటి గంటల వారీ అంకెలు తీసి, ఏడాదికి సగటు కట్టింది. గీత వచ్చింది. పొద్దున ఒక గుట్ట, సాయంత్రం ఒక పెద్ద కొండ, మధ్యాహ్నం మాత్రం లోతైన గుంట.

“చూశారా సార్, మధ్యాహ్నం ఊరు వాడట్లేదు. చోటు ఎంత ఉందో చూడండి,” అంది.

“ఈ గుంటలో మన ఇద్దరి ప్రమోషన్లూ పడతాయమ్మా,” అన్నాడు మీసాల ఇంజనీరు.

ఆ ఆదివారం మిల్లుకు వెళ్లి వదినకు కూడా చెప్పింది. మిల్లు అంటే రేకుల షెడ్డు, రెండు మరలు, ఒక తూకం. పిండి పడని చోటు లేదు. ట్యూబులైటు కూడా తెల్లగా కాక పిండిరంగులో వెలుగుతుంది. వదిన బెల్టు బిగిస్తూ విన్నది.

“అంటే మధ్యాహ్నం మర తిప్పితే సగం బిల్లే అంటావు.”

“అవును వదినా.”

“సాయంత్రం తిప్పితే?”

“కొంచెం పెరుగుతుంది. అందుకే మధ్యాహ్నానికి మార్చుకోమనేది.”

వదిన అక్కడ పిండి కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ల వైపు తిరిగింది. “విన్నారా? మధ్యాహ్నం కరెంటు అడిగి తీయించేది మా తమ్ముడు. తీసేది మా మరదలు. ఇప్పుడు ఆ లేని కరెంటుకు సగం రేటంట! మొగుడూ పెళ్లాల కాపురం ఫోన్‌లో, మా మరలు చీకట్లో.”

అందరూ నవ్వారు. ఆపరేటరమ్మా నవ్వింది. కరెంటు మనిషి ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు కరెంటు పోయిందనే అంటారు. పెళ్లికి వెళ్లినా, చావుకు వెళ్లినా తప్పదు. ఆ ఉద్యోగంలో చెవులు ఆ మాట దగ్గర వాటంతట అవే మూసుకుంటాయి. ఇంటికి వచ్చి గీతకు రంగులు వేసుకుంది.

ప్రజెంటేషన్‌కు వారం ముందు క్షేత్ర పర్యటన అన్నారు. బస్సు తీసుకెళ్లింది ఆవిడ సబ్‌స్టేషన్‌కే. డ్యూటీలో ఉన్నది ఆమె స్థానంలో వేసిన రిలీవరు. ట్రైనీలను వెంటబెట్టుకుని బ్యాటరీ గదిలో ఏవో వివరిస్తున్నాడు. ఆవిడ మాత్రం కంట్రోల్ గదిలోనే ఉండిపోయింది. ఒక చెయ్యి ఊడిన తన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. ఫోన్ మోగింది.

“అక్కా, కాస్త ఎత్తవా? వస్తున్నా,” అని అరిచాడు రిలీవరు.

ఎత్తింది. “సబ్‌స్టేషన్.”

అవతల ఉన్నది భర్త. “నువ్వా? నీకు ట్రైనింగ్ కదా?”

“చూడ్డానికొచ్చాం. ముందు మెసేజ్ చెప్పండి.”

“ఆపరేటర్ గారూ, మార్కెట్ ఫీడర్ ఎల్‌సీ కావాలి. జంపర్ తీగ మార్చాలి.”

మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పి, పరుగున వచ్చిన రిలీవరుకు ఫోన్ ఇచ్చింది. ఇప్పుడు స్విచ్ మీద చెయ్యి వేసే హక్కు అతనిదే, ఆమెది కాదు. అతను బ్రేకర్ స్విచ్ తీశాడు. ధన్‌మని శబ్దం వచ్చింది. ఎర్ర దీపం ఆరి పచ్చ దీపం వెలిగింది. అప్పటిదాకా సగానికి పైన నిలబడి వణుకుతున్న ముల్లు కిందికి జారి కూర్చుంది. రిలీవరు బోర్డు తగిలించాడు, నంబరు చెప్పాడు, గంట కొట్టగానే షీటులో ఆ గడిలో సున్నా వేశాడు.

ఆపరేటరమ్మ ఆ సున్నా వైపే చూస్తూ నిలబడింది. అలాంటివి తన చేత్తో ఎన్ని వేసిందో. పొద్దున ఫిర్యాదులు తీర్చి, మధ్యాహ్నం లైను పనులు పెట్టుకోవడం శాఖలో ఎవరూ రాయని ఆచారం. ఆ పూట జనం అన్నాలకు వెళతారు, ఫోన్ చేసి తిట్టేవాళ్లు తక్కువ. ఇవాళ మార్కెట్ ఫీడర్, రేపు స్టేషన్ ఫీడర్, ఎల్లుండి మిల్లు ఉన్న ఫీడర్. ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ ఇదే తీరు. జనం వాడకపోయినా సున్నానే, మనం ఇవ్వకపోయినా సున్నానే. కంప్యూటరుకు రెండూ ఒకటే. వాటన్నింటినీ కలిపి సగటు కట్టి, ఊరు మధ్యాహ్నం కరెంటు వాడట్లేదని గీత గీసింది తను. ఆ గుంట ఊరిది కాదు. తనదీ, తన మొగుడిదీ.

బస్సులో మీసాల ఇంజనీరు పక్కన కూర్చుని చెప్పింది.

“ఇప్పుడు అంకెలు మారిస్తే నీ భాగం ఏం మిగులుతుందమ్మా?”

“ఎక్కువేం మిగలదనుకుంటా సార్.”

“ఆ కమిటీలో ఎవరూ అడగరు. అందరూ అవే అంకెలు వాడారు.”

“అడగరు. తెలుసు.”

“నేను వద్దనను. నా బ్యాటరీలకు నీ గుంటతో పని లేదు. కానీ కుర్చీ నీకు కావాలి, నాకు కాదు. నాకెలాగూ ఇక్కడే పోస్టింగ్ ఉంది. ఆలోచించుకో.”

మర్నాడు కర్వు మేడమ్ దగ్గరికి వెళ్లింది. మేడమ్ విని, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

“మొదటి క్లాసులో ఏం చెప్పాను? అంకె చేతికొస్తే అది ఎలా పుట్టిందో ముందు అడగమన్నానా లేదా?”

“అన్నారు మేడమ్.”

“అడిగారా?”

“లేదు మేడమ్. పుట్టించిందాన్ని నేనే కదా, నన్ను నేను అడిగేదేముంది అనుకున్నా.”

మేడమ్‌కు కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. ఆపుకున్నారు. “తేదీ మారదు. ఎల్‌సీ ఇచ్చిన గంటలు తీసేసి మళ్లీ సగటు కట్టండి. ఏం మిగిలితే అది చెప్పండి.”

కట్టింది. గుంట చాలావరకు పూడిపోయింది. మధ్యాహ్నం కూడా ఊరు పొద్దుటికంటే కాస్త తక్కువగా అడుగుతూనే ఉంది. చవక రేటు పెడితే ఇప్పటికే వాడేవాళ్లకే తగ్గింపు దక్కుతుంది. లైను ఆగిన ఫీడర్ల వాళ్లకు మధ్యాహ్నం కరెంటూ రాదు, సాయంత్రం పెరిగిన బిల్లూ తప్పదు.

ఆ సాయంత్రం ఇంట్లో భర్త బూట్లు విప్పుకుంటుంటే సంగతి చెప్పింది.

“అయితే పోల్ పని ఎప్పుడు చేయమంటావు?” అన్నాడతను.

“తెల్లారాక. షాపులు తెరవక ముందు.”

“పొద్దున స్తంభం పైన అడ్డకమ్మీ మీద మంచు ఉంటుంది. కాలు జారుతుంది.”

“మధ్యాహ్నం ఎండకు కాలదా?”

“కాలుతుంది. జారదు.” రెండో బూటు తీసి పక్కన పెట్టాడు. “అది సరే. కుర్చీ పోతే నిన్ను ఎక్కడికి వేస్తారో తెలుసా? పిల్ల సంగతేంటి? నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?”

“మీ అక్కకు తెలుసు.”

“అక్క అందరినీ అంటుంది. నన్ను పుట్టినప్పటి నుంచీ అంటోంది.”

“రేటు మారి, మొదటి బిల్లు వచ్చాక ఏమంటుందో ఊహించుకోండి. మధ్యాహ్నం మర తిరగదు, సాయంత్రం తిప్పితే వాత. ఆ రేటు పెట్టించింది మరదలని మిల్లుకొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. అబద్ధమైతే తుడిచేసుకోవచ్చు. నిజమైతే ఏం చేస్తాను?”

అన్నం దగ్గర కూర్చున్నాక అతను, “మంచు కరిగాక మొదలుపెడితే కుదురుతుందేమో. మా వాళ్లను అడగాలి,” అన్నాడు.

ప్రజెంటేషన్ రోజున చీఫ్ ఇంజనీరు మధ్యలో, అటూ ఇటూ ఇద్దరు అధికారులు కూర్చున్నారు. ఆపరేటరమ్మ ముందు పాత గీత చూపించింది, తర్వాత కొత్త గీత. రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో ఎల్‌సీ అడిగే ఫోన్ దగ్గర నుంచి చెప్పుకొచ్చింది. గొంతు ఎప్పటిలాగే అంకె అంకెకూ మధ్య గాలి ఆడుతూ వచ్చింది.

చీఫ్ ఇంజనీరు వెనక్కి వాలాడు. “అంటే సూర్యుడు ఇస్తానంటున్నాడు, జనం ఇవ్వమంటున్నారు, మధ్యలో మనం స్విచ్ తీసి కూర్చున్నామంటావు.”

“అవును సార్. తీసిందాన్ని నేనే.”

గదిలో ఎవరో దగ్గారు.

“మరి నీ సిఫారసు ఏమిటి? మధ్యాహ్నం రేటు ఎంత పెట్టాలి?”

“ఇప్పుడే ఏదీ పెట్టొద్దు సార్. ముందు లైను పనులు పొద్దుటికి మార్చాలి. ఒక సీజను చూసి మళ్లీ లెక్క కట్టాలి. రేటు మాట ఆ తర్వాత.”

“అయితే ఇది రేట్ల మీద ప్రాజెక్టు కాదుగా?”

“ఇక కాదు సార్.”

“లైన్‌మెన్ ఒప్పుకుంటారా?”

“మా ఆయన్ని అడిగాను సార్. మంచు కరిగాక అయితే ఒప్పుకునేలా ఉన్నారు.”

ఈసారి చీఫ్ ఇంజనీరు కూడా నవ్వాడు. తర్వాత మీసాల ఇంజనీరు లేచి బ్యాటరీల భాగం చెప్పాడు. చక్కగా చెప్పాడు. అడిగిన ప్రతిదానికీ అతని దగ్గర జవాబుంది.

ఫలితం వచ్చింది. క్షేత్ర సిబ్బంది కుర్చీ మీసాల ఇంజనీరుకే ఇచ్చారు. సగం ప్రాజెక్టు సిఫారసే లేకుండా ముగిసిందనీ, ప్లానింగ్‌కు పూర్తి ప్రతిపాదన చేయగలవాళ్లు కావాలనీ కమిటీ రాసింది. అతను ఆపరేటరమ్మ దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయాడు. “కంగ్రాట్స్ సార్, ముందు మీసం కొంచెం తగ్గించండి. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు అంత అక్కర్లేదు,” అంది. ఆ రోజు సాయంత్రం బస్టాండు దాకా నడిచే వెళ్లింది. బస్సుల ముందు రాసిన దూరపు ఊళ్ల పేర్లు చదువుతూ కాసేపు నిలబడింది. కూతురికి ఏం చెప్పాలో మాత్రం తట్టలేదు.

కొన్ని వారాలకు ఇంకో కాగితం వచ్చింది. లైను పనులను పొద్దుటికి మార్చే ప్రయోగం ఒక సబ్‌స్టేషన్‌లో ఒక సీజను పాటు చేయాలి, అంతవరకూ అక్కడి ఆపరేటరును కదపకూడదు. ఆ సబ్‌స్టేషన్ ఆవిడదే. సీజను అయ్యాక ఏమిటన్నది అందులో లేదు. రిలీవరు కుర్చీ ఖాళీ చేస్తూ, “చెయ్యి మాత్రం నేను ఊడగొట్టలేదక్కా,” అన్నాడు.

కొత్త పద్ధతి మొదలైన రోజు ఎండ ఇంకా కంచె దాటకముందే ఫోన్ మోగింది.

“ఆపరేటర్ గారూ, స్టేషన్ ఫీడర్ ఎల్‌సీ.”

“మంచు కరిగిందా?”

“అది మెసేజ్‌లో లేదండీ.”

“నంబరు రాసుకోండి.” చెప్పింది. అతను తిరిగి చెప్పాడు. షాపుల షట్టర్లు లేచే వేళకు పని అయిపోయి లైను మళ్లీ ఎక్కింది.

మధ్యాహ్నం గది నిశ్శబ్దంగా ఉంది. ఏళ్ల తర్వాత ఆ పూట ఆ ఫోన్ మోగలేదు. చేతికేం చేయాలో తోచక ఆపరేటరమ్మ ప్యానెళ్ల మీద దుమ్ము తుడిచింది. ముళ్లన్నీ సగానికి పైనే నిలబడి వణుకుతున్నాయి. అప్పుడు మోగింది. ఎల్‌సీ కోసం కాదు, మిల్లు నుంచి.

“ఏమ్మా, ఇవాళ కరెంటు తీయలేదేం?” వదిన గొంతు వెనక రెండు మరలూ ఒకేసారి తిరుగుతున్నాయి. అరిస్తే తప్ప వినబడట్లేదు. “జనం వస్తూనే ఉన్నారు. అన్నానికి లేద్దామంటే వీల్లేదు!”

“ఇకనుంచి తీయం వదినా.”

“ఒక్క అరగంట తీయవే! ముద్ద తిని వస్తాను.”

“కుదరదు. అడిగేది లైన్ ఇన్‌స్పెక్టర్ అయితేనే తీయాలి. మీ తమ్ముణ్ణి అడగండి.”

ఫోన్ పెట్టేసి షీటు దగ్గరికి వెళ్లింది. గంట కొట్టింది. ఒక్కో ముల్లునూ చూసి ఒక్కో గడిలో అంకె వేసుకుంటూ పోయింది.